జీతం లేని ఫారిన్

మన పత్రికలో ఫారిన్ పోయొచ్చినవాళ్ళ కబుర్లు వస్తూనే ఉంటాయి. దుబాయిలో కడ్డీలు కట్టే పనికి పోయినవాళ్ళు, కువైట్‌లో ఇంటి డ్రైవర్లుగా ఉన్నవాళ్ళు, మస్కట్‌లో దర్జీ పని చేసినవాళ్ళు రాసినవి మీరూ నేనూ చదివాం. ఆ కబుర్లు వేరు వేరుగా ఉన్నా అన్నిటి అడుగునా ఒకటే లెక్క. ఎంత అప్పు చేసి పోయినారు, నెలకు ఎంత పంపినారు, తిరిగొచ్చేసరికి ఏం మిగిలింది?

నేను పోయిన ఫారిన్‌కు ఆ లెక్క కుదరదు. రెండేళ్ళు ఫిలిప్పీన్స్‌లో ఉన్నాను. ఇంటికి ఒక్క రూపాయి పంపలేదు. నేను దాచుకున్నదే ఎదురు పెట్టుకుని పోయినాను. అందుకే మా వఠారంలో నా ప్రయాణం గురించి రకరకాలుగా అనుకున్నారు. అక్కడి తొలి రోజులు ఎట్లా గడిచాయో ఉన్నదున్నట్టు రాస్తాను. ఈ పత్రిక గుడికి పోయేవాళ్ళు, చర్చికి పోయేవాళ్ళు, మసీదుకు పోయేవాళ్ళు అందరూ చదివేది కాబట్టి ఇందులో మతబోధ ఉండదు.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. మా తాత మదనపల్లి పక్క నేత పల్లె నుంచి బెంగుళూరు వచ్చి బట్టల మిల్లులో చేరాడు. ఊళ్ళో గుంట మగ్గం, ఇక్కడ మిల్లు మగ్గం. మా నాయన కూడా అదే మిల్లులో చేరాడు. మిల్లు మూతపడ్డాక ఆటో తోలాడు. నేను పదో తరగతిలో ఉండగా పోయినాడు. అప్పటి నుంచి అమ్మ గార్మెంట్సులో కుట్టు మిషను మీదే ఇల్లు నడిపింది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ. అమ్మ మంగళవారం గంగమ్మ గుడికి పోతుంది. నేను పదిహేడో ఏట ఒక స్నేహితుడి వెంట పోయి మార్మన్ చర్చిలో చేరాను. అమ్మ వద్దనలేదు, సరే అని కూడా అనలేదు.

మార్మన్లంటే మనలో చాలామందికి తెలియదు. వాళ్ళ సంఘం అసలు పేరు యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం. 1830లో అమెరికాలో జోసెఫ్ స్మిత్ స్థాపించాడు. కేంద్రం యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీలో ఉంది. మన దేశంలో వాళ్ళ మొదటి స్టేకు, అంటే కొన్ని చర్చిలు కలిసిన పెద్ద విభాగం, 2012లో మన హైదరాబాదులోనే ఏర్పడింది. కాఫీ, టీ, సారా, పొగాకు ముట్టరు. పద్ధెనిమిదేళ్ళు నిండిన మగపిల్లలు రెండేళ్ళు, ఆడపిల్లలు ఏడాదిన్నర సేవకు పోవచ్చు. ఎక్కడికి పోవాలో మనం కోరుకునేది కాదు, చీటీ వాళ్ళే పంపుతారు. జీతం ఉండదు. చేతనైనంత సొంత ఖర్చు పెట్టుకోవాలి, చాలనివాళ్ళకు సంఘం నిధి సాయపడుతుంది. నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివి, ఏడాదిన్నర పని చేసి దాచిన డబ్బు కట్టాను. తక్కింది సంఘం పెట్టుకుంది.

చీటీలో ఫిలిప్పీన్స్ దేశం, ఇలోయిలో అని ఉంది. మా అవ్వకు చదివి వినిపించాను. అవ్వ తమలపాకు నమలడం ఆపి అంది, "జీతం లేకుండా పరాయి దేశం పొయ్యేది ఇద్దరే నాయనా. ఒకడు సన్నాసి, ఒకడు పిచ్చోడు. నువ్వు యాడోడివి?"

అమ్మ ఆ మాటకు నవ్వలేదు. చెల్లెలు అప్పుడే పీయూసీలో చేరింది. అమ్మ నా సంచిలో మామిడి ఊరగాయ సీసా పెడుతూ ఒకే మాట అంది. "ఈడ ఎట్ల జరుగుతుందో నేను చూసుకుంటా. నువ్వు మాత్రం పస్తు ఉండొద్దు."

2017 జులైలో బయలుదేరాను. అదే నా మొదటి విమానం. సింగపూర్‌లో మారి మనీలాలో దిగాను. తలుపు దాటగానే మొహానికి తడిగుడ్డ కప్పినట్టు గాలి కొట్టింది. చెన్నై ఉక్క ఎరిగినవాళ్ళకు అది కొత్త కాదు గానీ బెంగుళూరువాడికి కొత్తే. మనకంటే అక్కడ గడియారం రెండున్నర గంటలు ముందు. మాకు పొద్దున ఆరున్నరకు లేవాలని నియమం. అప్పుడు ఇంటి దగ్గర నాలుగు గంటలు. అమ్మ కొళాయి దగ్గర బిందెలు పెట్టే వేళ అది. మొదటి వారమంతా కళ్ళు తెరవగానే ఆ బిందెల చప్పుడే గుర్తుకొచ్చేది.

మనీలాలో శిక్షణ కేంద్రం ఉంది. శ్రీలంక, మంగోలియా, పాకిస్తాన్ పిల్లలు కూడా వచ్చారు. అందరికీ తెల్ల చొక్కా, టై, గుండె మీద నల్ల పేరుబిళ్ళ. ఇరవై ఏళ్ళు కూడా నిండని మమ్మల్ని 'ఎల్డర్' అని పిలుస్తారు. ఎల్డర్ అంటే పెద్ద. మా అవ్వకు చెబితే ఇంకో మాట అనేది. ఒంటరిగా ఎక్కడికీ పోకూడదు, ఎప్పుడూ ఇద్దరు జతగా ఉండాలి. సినిమాలు లేవు. రాత్రి పదిన్నరకు దీపం ఆర్పాలి. ఆ రోజుల్లో ఇంటికి ఫోను ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కు ఒకటి, అమ్మల దినానికి ఒకటి. సోమవారం మాత్రం బట్టలు ఉతుక్కోవచ్చు, ఇంటికి ఈమెయిలు రాసుకోవచ్చు.

టీ లేకపోవడం నాకు కొత్త కాదు, చర్చిలో చేరినప్పుడే మానేశాను. కానీ సాయంత్రం నాలుగైతే ఇప్పటికీ నాలుక అడుగుతుంది. మిల్లు పక్కన పుట్టినవాడికి టీ మానడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు.

శిక్షణలో నాకు ధైర్యం ఇచ్చింది భాష. మనీలా పక్క మాట్లాడేది తగాలోగ్. అందులో మర్యాదకు మాట చివర 'పో' అని చేరుస్తారు. మనం 'అండి' అన్నట్టే. పెద్దవాళ్ళు కనిపిస్తే వాళ్ళ చెయ్యి తీసుకుని మన నుదుటికి ఆనించుకోవాలి. మన పాదాభివందనం లాంటిదే, నడుము తక్కువ వంచాలి. 'గురో' అంటే అయ్యవారు. 'ముఖా' అంటే ముఖం. 'బలీతా' అంటే వార్త. 'ముత్యా' అంటే ముత్యం. 'ఆసా' అంటే ఆశ. ఎప్పుడో వందల ఏళ్ళ కిందట సంస్కృతపు మాటలు ఓడలెక్కి పోయి అక్కడ ఉండిపోయాయి. 'తాతయ్' అని వినిపిస్తే మాత్రం తాత అనుకోకూడదు. వాళ్ళకు తాతయ్ అంటే నాన్న.

ఆరు వారాలు అయ్యాక ఇంకో విమానం ఎక్కించి ఇలోయిలో పంపారు. మనీలాకు దక్షిణంగా గంట పైచిలుకు దూరం. పనాయ్ అనే దీవిలో ఉంది ఆ ఊరు. ఎదురుగా చిన్న దీవి గిమారాస్. ఆ దేశంలో మామిడిపండ్లంటే ముందు దాని పేరే చెబుతారు. అక్కడి పండు తిన్నాను. తీపిలో మన బేనిషాకు తీసిపోదు. ఇంతకంటే ఒప్పుకోవడానికి నాకు మనసు రాదు.

నన్ను వేసింది ఇలోయిలో పట్నంలో కాదు. నలభై కిలోమీటర్లు పడమరగా సముద్రం పక్కన మియగావ్ అనే ఊరు. జీపినీలో పోయాం. జీపినీ అంటే పొడుగ్గా సాగదీసిన జీపు. రెండు పక్కలా బల్లలు, మోకాళ్ళకు మోకాళ్ళు తగులుతాయి. కండక్టరు ఉండడు. వెనక కూర్చున్నవాడు ఛార్జీ ముందువాడికి ఇస్తాడు, అది చేతులు మారుతూ డ్రైవరు దాకా పోతుంది. చిల్లర కూడా అట్లే చేతులు మారుతూ వెనక్కి వస్తుంది. మధ్యలో ఒక్క పెసో తగ్గదు. దిగాలంటే 'లుగార్ లాంగ్' అనాలి. నేను ఆ ఊరి భాషలో మొదట ధైర్యంగా అన్న మాట అదే. బండి ఆగింది. నా మాటకు ఒక బండి ఆగడం ఆ రోజు చాలా పెద్ద సంగతిగా అనిపించింది.

మియగావ్ నడిబొడ్డున పసుపుపచ్చ రాతి చర్చి ఉంది. కాథలిక్కులది, మాది కాదు. 1797లో పూర్తయింది. 1993లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. గోడలు కోటగోడల్లా మందం. సముద్రం మీద నుంచి దోపిడీదార్లు వచ్చే కాలంలో ఊరివాళ్ళకు అదే కోట, అదే కావలి బురుజు. ముందు గోడ మీద చెక్కిన బొమ్మ ఎదుట చాలాసేపు నిలబడ్డాను. క్రిస్టఫర్ అనే పునీతుడు బాలయేసును వీపున ఎత్తుకుని ఏరు దాటుతున్నాడు. ఆయన పట్టుకున్నది కొబ్బరిచెట్టు. చుట్టూ బొప్పాయి, జామ. ఆ కథ పుట్టిన దేశాల్లో కొబ్బరిచెట్టు ఎక్కడిది? చెక్కినవాడు తన పెరట్లో ఉన్న చెట్లే చెక్కాడు. మన గుళ్ళలో కూడా శిల్పి తాను చూసిన నగలే దేవుడికి పెట్టాడు కదా.

మా గది ఒక చిన్న ఇంటి పైభాగంలో. నా జతగాడు మరో దీవి నుంచి వచ్చిన ఫిలిప్పీన్స్ పిల్లవాడు, నాకంటే ఏడాది ముందు సేవకు వచ్చాడు. అతనిది చెరకు కూలీల ఇల్లు. మొదటి సాయంత్రమే అన్నం వండి పెట్టాడు. మూడు పూటలా అన్నమే. ఎండుచేపలు, రొయ్యల ముద్ద. ఎండుచేప వేయించే వాసనకు ముక్కు మూసుకునే ఊరివాణ్ణి కాదు నేను, దాంతోనే నా ప్రాణం లేచొచ్చింది. 'లాస్వా' అని ఒక పులుసు కాస్తారు. గుమ్మడి, బెండ, వంకాయ, అందులో మునగాకు. కారం లేని మన పులుసే అది. 'కద్యోస్' అని నల్లటి గింజలు పనసకాయతో, పంది మాంసంతో కలిపి ఉడికిస్తారు. నోట్లో వేసుకుంటే తెలిసిపోయింది, అవి కందులు! పులుపుకు మనకు చింతపండు, వాళ్ళకు బత్వాన్ అనే కాయ. ఇంటి ఊరగాయ కొంచెం కలుపుకుని తిన్నాను. జతగాడికి ఒక ముక్క పెట్టాను. వాడు రెండు చెంబుల నీళ్ళు తాగి 'నామిత్ గిద్' అన్నాడు. చాలా బాగుంది అని అర్థం. కళ్ళల్లో నీళ్ళు మాత్రం నిలవలేదు.

అక్కడ భాష మళ్ళీ మారింది. ఇలోయిలో పక్క ఎక్కువగా మాట్లాడేది హిలిగైనోన్. దానికి 'పో' లేదు. మర్యాదంతా గొంతులోనే ఉంటుంది. కోపంగా తిట్టినా లాలిపాడినట్టు ఉంటుందని తక్కిన ఫిలిప్పీన్స్ వాళ్ళు వీళ్ళ మీద హాస్యమాడతారు. దారిలో ఎదురైనవాళ్ళు 'దిఇన్ క మకాద్తో?' అంటారు. ఏడికి పోతాండావు అని. జవాబు ఏమీ చెప్పక్కర్లేదు, 'దిరా లాంగ్', అదో ఆడికే, అంటే చాలు. మన పల్లెల్లో పలకరింపు ఇంతకంటే వేరుగా ఉంటుందా? భోజనం వేళ గడప ముందు పోతే 'కావోన్ త' అంటారు. రా, తిందాం అని. పెద్దామెను మనాంగ్ అని, పెద్దాయనను మనోంగ్ అని పిలవాలి. కుర్రవాళ్ళను తొతొ అంటారు.

ఇంత మంచి ఊళ్ళో నా పని మాత్రం మొదటి రోజే అడ్డం తిరిగింది.

మేము గడప గడపకూ పోయి పలకరించాలి. వినేవాళ్ళుంటే మాట్లాడాలి. చేతి సాయం కావాలంటే చెయ్యాలి, పైకప్పు రేకులు ఎక్కించాలన్నా, వడ్ల మూటలు మొయ్యాలన్నా సరే. జతగాడు ముందు నడిస్తే తలుపులు తెరుచుకున్నాయి. వెనక నన్ను చూడగానే మూసుకున్నాయి. ఒక ఇంట్లో పిల్లవాడు 'బుంబాయ్! బుంబాయ్!' అని అరుస్తూ లోపలికి పరిగెత్తాడు. లోపల నుంచి ఒక ఆడమనిషి గొంతు వినిపించింది. 'వాలా కామీ ఊతాంగ్!'

జతగాడు నవ్వు ఆపుకోలేక చెప్పాడు. ఊతాంగ్ అంటే అప్పు. మాకు అప్పు లేదు పొమ్మంటోంది.

ఆ దేశంలో భారతీయుడంటే బుంబాయ్. బొంబాయి నుంచి వచ్చిన పేరు, మనం ఏ ఊరివాళ్ళమైనా సరే. బుంబాయ్ అంటే వడ్డీవ్యాపారి. ఎక్కువమంది పంజాబ్ నుంచి పోయినవాళ్ళు. మోటారుసైకిలు మీద సందు సందూ తిరిగి అప్పులిస్తారు, గొడుగులు, దోమతెరలు, దుప్పట్లు కంతుల మీద అమ్ముతారు. ఆ అప్పుకు అక్కడ 'ఐదు-ఆరు' అని పేరు. ఐదు తీసుకుంటే ఆరు కట్టాలి. నూటికి ఇరవై. బ్యాంకు వాకిట్లో అడుగు పెట్టనివ్వని కూరగాయలమ్మికి, చేపలమ్మికి కాగితం అడగకుండా ఇచ్చేది వాళ్ళే. తిట్టుకుంటూనే తీసుకుంటారు. అన్నం తినని పిల్లల్ని బుంబాయ్ ఎత్తుకుపోతాడని బెదిరిస్తారు. మన వఠారాల్లో శనివారం జీతం రోజున వారం వడ్డీ వాడు గుమ్మంలో నిలబడితే ఆడవాళ్ళు పిల్లల చేత ఇంట్లో లేమని చెప్పించడం నేను చిన్నప్పుడు చూశాను. ఆ పని మా అమ్మ నా చేత కూడా చేయించింది. ఇప్పుడు గుమ్మంలో నిలబడ్డవాణ్ణి నేను.

నిజానికి ఆ దేశానికి మనవాళ్ళు వడ్డీ సంచితో మాత్రమే పోలేదు. 1762లో ఇంగ్లీషువాళ్ళు మద్రాసు నుంచి ఓడల్లో పోయి మనీలాను పట్టుకున్నారు. వెంట మద్రాసు సిపాయిలను తీసుకుపోయారు. 1764లో ఓడలు తిరిగొచ్చాయి గానీ కొందరు సిపాయిలు రాలేదు. మనీలా దగ్గర కైంటా అనే ఊళ్ళో పెళ్ళిళ్ళు చేసుకుని ఉండిపోయారు. వాళ్ళ వంశాలు ఇప్పటికీ ఆ ఊళ్ళో ఉన్నాయి.

నాలుగో రోజున నిజమైన బుంబాయే దారిలో ఎదురయ్యాడు. తలపాగా, మోటారుసైకిలు, వెనక దుప్పట్ల కట్ట. నన్ను చూసి బండి ఆపాడు. హిందీలో అడిగాడు, "నువ్వేం అమ్ముతావు?" ఏమీ అమ్మనన్నాను. "మరి జీతం?" లేదన్నాను. బండి స్టాండు వేసి నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. జలంధర్ పక్క పల్లె వాళ్ళది. పన్నెండేళ్ళయిందట వచ్చి. మధ్యలో ఇంటికి పోయింది మూడుసార్లు. "నేను ఇచ్చినా తలుపు మూస్తారు, నువ్వు అడగకపోయినా మూస్తారు. ఇద్దరిలో నాకే నయం. నేను ఇంటికి డబ్బు పంపుతాను" అన్నాడు. వెక్కిరింతగా అనలేదు. ఉన్న మాటే అన్నాడు. పోయేముందు ఒక గొడుగు తీసి చేతిలో పెట్టాడు. వానాకాలం, నీ కాగితాలు తడుస్తాయి అన్నాడు. కంతులు అడగలేదు.

అప్పు లేదు పొమ్మన్న మనాంగ్ ఇంటికి మళ్ళీ పోయింది వారం తర్వాత. ఈసారి మేము పలకరించకముందే చప్పుడు మమ్మల్ని నిలబెట్టింది. టక్, టక్, టక్. కళ్ళు మూసుకుని ఉన్నా గుర్తుపడతాను. నాడె చప్పుడు.

మియగావ్ నేత ఊరని నాకు ముందు తెలియదు. అక్కడి నేతబట్టను హబ్లోన్ అంటారు. మగ్గం మన గుంట మగ్గం కాదు, నేల మీద నిలబెట్టిన చట్రం మగ్గం, కాళ్ళతో తొక్కాలి. నేసేది ఎక్కువగా ఆడవాళ్ళే. నూలు, పట్టు, రేయాన్, అనాస ఆకు నారతో కూడా నేస్తారు. వాళ్ళు చుట్టుకునే గళ్ళ బట్ట పతద్యోంగ్ చూస్తే మన గళ్ళ లుంగీ మడత విప్పినట్టే ఉంటుంది.

కిటికీ పక్కన నిలబడి చూశాను. పడుగులో రెండు పోగులు తెగాయి. మనాంగ్ కళ్ళద్దాలు సరిచేసుకుంటూ వెతుక్కుంటోంది. నేను చేత్తో సైగ చేసి అడిగాను. ఆమె ఏమీ అనలేదు. కాదనలేదు కాబట్టి లోపలికి పోయి పోగు కొసలు పట్టుకుని ముడి వేశాను. తాత నేర్పిన ముడి, పన్నెలో అడ్డం పడకుండా సన్నగా దాటిపోయేది. మిల్లులో ముప్పై ఏళ్ళు చేసినా తాత ఆ ముడిని పల్లెముడి అనేవాడు. పన్నె లాగితే ముడి దాటింది. మనాంగ్ నా మొహం చూడలేదు, వేళ్ళు చూసింది. తర్వాత స్టూలు జరిపింది.

ఆ పూట ఆమె, పక్కింటి మాస్టారు కలిసి చెప్పిన ఊరి కథ ఇది. ఒకప్పుడు ఇలోయిలో చుట్టుపక్కల ఇంటింటా మగ్గం ఆడేదట. 1855లో ఇలోయిలో రేవును విదేశీ ఓడలకు తెరిచారు. మరుసటేడు నికొలస్ లోనీ అనే ఆయన ఇంగ్లీషు వైస్ కాన్సులుగా వచ్చాడు. ఇక్కడి గళ్ళ నమూనాలనే ఇంగ్లండు మిల్లుల్లో నేయించి చవగ్గా తెచ్చి పోశాడు. చేతి మగ్గాలు ఆగిపోయాయి. వచ్చిన ఓడలు ఖాళీగా పోకూడదు కాబట్టి ఎదుటి నెగ్రోస్ దీవిలో చెరకు వేయించాడు, గానుగ యంత్రాలకు అప్పులిచ్చాడు. మగ్గాలు పోయిన ఊళ్ళ నుంచి జనం చెరకు కొట్టడానికి వలసపోయారు. ఇలోయిలో ఏటి గట్టుకు ఇప్పటికీ లోనీ పేరే ఉంది. ఆ చెరకు కూలీల మనవడే నా జతగాడు. మంచెస్టరు బట్టకు ఓడిపోయిన మగ్గాల ఊరి నుంచి వచ్చిన వాళ్ళ మనవణ్ణి నేను. మా ఇద్దరినీ కలిపింది సంఘం అనుకున్నాను అప్పటిదాకా. అంతకుముందే ఒక బట్ట తాను కలిపి ఉంది.

ఆ తర్వాత మనాంగ్ అడిగింది. 'పిలా ఆంగ్ స్వెల్దో మో?' జీతమెంత అని. ఆ ఊళ్ళో ఇంటికొకరు పైదేశాల్లోనో ఓడల్లోనో పనిచేస్తున్నారు. ఆమె కొడుకు కూడా సరుకు ఓడలో ఉన్నాడు. పైదేశం పోయినవాణ్ణి జీతం అడగడం వాళ్ళకు కుశలం అడగడమే.

'వాలా' అన్నాను. లేదు.

"మరి మీ అమ్మకు అన్నం ఎవరు పెడతారు?"

జతగాడు ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చాడు. మార్చక ముందే నాకు అర్థమయింది. అమ్మే కుట్టుపని చేసి తింటుందని, చెల్లెల్ని కూడా తనే చదివిస్తోందని చెప్పాను. మనాంగ్ కాసేపు పలకలేదు. నాడె ఒకసారి అటు, ఒకసారి ఇటు పోయింది. పాపం అనలేదు, పుణ్యం అనలేదు. "అయితే నువ్వు మీ అమ్మ కూలి మీద వచ్చావు. ఊరికే తిరగొద్దు. ఏ పని చేసినా గట్టిగా చెయ్యి" అంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంటికి పోవాలంటే ఎవరూ పట్టి ఆపరు. అడిగితే టికెట్టు ఇచ్చి పంపుతారు. అట్లా పోయినవాళ్ళు ఉన్నారు. పోతే నెల తిరగకుండా ఎలక్ట్రీషియన్ పనిలో చేరి చెల్లెలి ఫీజు కట్టొచ్చు. రేకుల మీద వాన పడుతూనే ఉంది. జలంధరాయన మాట ఒక పక్క, మనాంగ్ మాట ఒక పక్క.

సోమవారం చెల్లెలికి ఈమెయిలు రాశాను. ఇంటి సంగతి దాచకుండా రాయి, కష్టంగా ఉంటే వచ్చేస్తాను అన్నాను. ఆ జవాబు కోసం ఇంకో సోమవారం దాకా ఆగాలి. ఆ వారమే నా రెండేళ్ళలో అన్నిటికంటే పొడుగు. మనాంగ్ ఇంటి వెనక వంటగదికి కరెంటు తీగ సరిగా లేకపోతే కొత్త తీగ లాగాను. పక్కింట్లో రెండు స్విచ్చులు మార్చాను. వాళ్ళు ఇంకో ఇంటికి చెప్పారు. బుంబాయ్ అన్న పిల్లవాడే 'ఎల్డర్ కురెంతే' అని పిలవడం మొదలుపెట్టాడు. కురెంతే అంటే కరెంటు. బైబిలు వినడానికి వచ్చినవాళ్ళు తక్కువే, ఫ్యాను తిరగడం లేదని వచ్చినవాళ్ళే ఎక్కువ. అయినా తలుపులు తెరుచుకున్నాయి.

చెల్లెలి జవాబు నాలుగు వాక్యాలు. "ఫీజు కట్టినాము. అమ్మ చీటీ పాడింది. ఓవర్‌టైము చేస్తాంది గానీ ఆరోగ్యం బాగానే ఉంది. నువ్వు మధ్యలో వస్తే ఊరికే పోయినట్టు, ఊరికే వచ్చినట్టు అవుతుంది, ఉండు అంటాంది, ఆడ మునగాకు దొరుకుతుందా అని అడగమంది."

దొరుకుతుందని రాశాను. ఉండిపోయాను.

ఆ మాటలో అమ్మ నన్ను మెచ్చుకుందని నేను అనుకోను. చేస్తే సగంలో వదలొద్దంది, అంతే. మిల్లులో షిఫ్టు మధ్యలో మగ్గం వదిలి రాకూడదని తాత అన్నట్టే. తిరిగొచ్చాక కూడా ఆ రెండేళ్ళు ఇంటికి మేలా కీడా అని మా ఇంట్లో ఎవరూ తీర్పు చెప్పలేదు. అవ్వ మాత్రం, "పిచ్చోడు కాదులే, సన్నాసీ కాదు, కరెంటోడు" అని తేల్చింది.

విదేశం పోయే మన పిల్లలకు ఒక్క మాట. జీతానికి పోయినా, సేవకు పోయినా, చేతిలో ఒక పని ఉండాలి. భాష రాకముందు మన కోసం అదే మాట్లాడుతుంది. పోయిన చోట ముందుగా నేర్చుకోవాల్సిన మాట తిన్నావా అనేది. రెండోది, అక్కడి జనం మన రంగు చూసి ఎవరనుకుంటారో, ఎందుకు అనుకుంటారో తెలుసుకోవాలి. కోపం తగ్గుతుంది.

ఇప్పుడు మా వఠారంలో రెండు గదులు ఒడిశా పిల్లలకు, ఒకటి అస్సాం పిల్లలకు అద్దెకు ఇచ్చారు. గార్మెంట్సులో, హోటళ్ళలో పని చేస్తారు. తెలుగు రాదు, కన్నడ అంతంత మాత్రం. మొదట్లో వాళ్ళను చూసి తలుపులు దగ్గరగా వేసుకున్నవాళ్ళు మాలోనూ ఉన్నారు. అమ్మ పోయిన నెల వాళ్ళకు మునగాకు పప్పు పంపింది. గిన్నె తిరిగి వచ్చినప్పుడు ఖాళీగా రాలేదు, అందులో ఏదో చేపల పులుసు ఉంది. అమ్మ తినదు గానీ పారబొయ్యలేదు, నాకు వడ్డించింది.

నేను తిరిగి పనిలో చేరి, అమ్మ పాడిన చీటీకి తక్కిన కంతులన్నీ కట్టాను. ఆఖరు కంతు కట్టిన రోజు అమ్మ పుస్తకం తీసుకుని చూసింది, బియ్యం డబ్బా కింద పెట్టింది. "రేపు కొత్త చీటీ మొదలు, నీ పేరున వేయించినా. చెల్లెలి పెండ్లికి" అంది.